మనస్సాక్షి: లోపలి సాక్షికి ఆ పేరు ఎలా వచ్చింది?

సంక్షిప్తంగా: తప్పొప్పుల ఎరుకను తెలుగులో మనస్సాక్షి, అంతరాత్మ, అంతఃకరణ అనే మూడు మాటలతో చెబుతారు. మూడూ సంస్కృతం నుంచి వచ్చినవే అయినా వాటి పుట్టిళ్ళు వేరు. సాక్షి న్యాయసభలో తిరిగిన మాట, అంతరాత్మ ఉపనిషత్తుల మాట, అంతఃకరణ దర్శన గ్రంథాల మాట. ఉపనిషత్తుల్లో అంతరాత్మకు తప్పొప్పులతో నిమిత్తం లేదు. ఆ పనిని దానికి అప్పగించినవి ధర్మశాస్త్రమూ కావ్యమూ. నేటి గందరగోళానికి చాలావరకు కారణం ఈ పాత, కొత్త అర్థాలు ఒకే మాటలో కలిసి ఉండటమే.

ఓటింగు సమయంలో ‘అంతరాత్మ ప్రబోధం’ అంటారు. పదవీ ప్రమాణంలో ‘అంతఃకరణ శుద్ధితో’ అంటారు. ఇద్దరి మధ్య మాటా మాటా పెరిగి ఎటూ తేలకపోతే ‘నీ మనస్సాక్షిని అడుగు’ అంటారు. ఈ మూడు చోట్లా మాటలను అటూ ఇటూ మార్చి చూస్తే తేడా బయటపడుతుంది. ‘మనస్సాక్షి శుద్ధితో’ అని ఎవరూ అనరు. ‘నీ అంతఃకరణను అడుగు’ అంటే అర్థమవుతుంది గానీ పలుకుబడిలా వినిపించదు. అయినా ఒకదానికి అర్థం చెప్పమంటే చాలామంది రెండోదాన్ని చెబుతారు, దానికి అర్థం అడిగితే మూడోదాన్ని చెబుతారు. ఒకే సంగతికి మూడు పేర్లు అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నిజానికి ఒకే సంగతిని మూడు వైపుల నుంచి చూసిన మాటలివి.

## కళ్ళారా చూసినవాడు

సాక్షి అనే మాటను పాణిని ఒక చిన్న సూత్రంలో బిగించాడు: ‘సాక్షాద్ ద్రష్టరి సంజ్ఞాయామ్’. ‘సాక్షాత్’ అనే అవ్యయానికి ‘ఇని’ ప్రత్యయం చేరితే, స్వయంగా చూసినవాడు అనే అర్థంలో ‘సాక్షి’ ఏర్పడుతుందని దాని భావం. ‘సాక్షాత్’ లోనే కన్ను ఉంది. అక్షి అంటే కన్ను, ‘స’ అంటే కూడిన. ఎవరో చెప్పగా విన్నవాడు సాక్షి కాడు. ఇలా జరిగి ఉంటుందని ఊహించినవాడూ కాడు. జరుగుతున్నప్పుడు అక్కడ ఉండి, కళ్ళారా చూసినవాడే సాక్షి.

మనస్సు ‘మన్’ ధాతువు నుంచి వచ్చింది. తలచడం, ఆలోచించడం దాని అర్థం. లాటిన్ ‘మెన్స్’, ఇంగ్లీషు ‘మైండ్’ దీనికి దాయాదులు. రెండు మాటలూ కలిస్తే ‘మనస్సే సాక్షి’ అని అర్థం.

ఈ కలయికలో ఒక మెలిక ఉంది. సాక్షి ఉండాలంటే కనీసం ఇద్దరు ఉండాలి: పని చేసినవాడు ఒకడు, చూసినవాడు ఇంకొకడు. మనస్సాక్షి అనగానే ఒకే మనిషి ఇద్దరవుతాడు. చేసినదీ తానే, చూసినదీ తానే. ‘ఎవరూ చూడలేదు’ అనే ధీమాకు ఇక చోటు లేదు, ఎందుకంటే చూసినవాణ్ణి వెంటబెట్టుకునే తిరగాలి. ఇంకో సంగతి కూడా గమనించాలి. సాక్షి తీర్పు చెప్పడు, శిక్ష వేయడు. చూసింది చెప్పడం వరకే అతని పని. మనస్సాక్షి అనే మాటలో మొదట ఉన్నది జరిగినదాని ఎరుక. అది తప్పా ఒప్పా అనే నిర్ణయం ఆ మాటకు తర్వాత అంటుకున్న పొర.

రాత విషయంలోనూ సందేహాలు కనిపిస్తుంటాయి. మనఃసాక్షి, మనస్సాక్షి రెండూ సరైనవే. విసర్గ తర్వాత ‘స’ వస్తే విసర్గ అలాగే ఉండవచ్చు, ‘స’గానూ మారవచ్చు. మనోభావం, మనోధైర్యం చూసి ‘మనోసాక్షి’ అని రాయడం మాత్రం పొరపాటు. విసర్గ ‘ఓ’గా మారేది తర్వాత భ, ధ, బ, వ వంటి అక్షరాలు వచ్చినప్పుడే.

తెలుగులో ఈ సాక్షికి పెద్ద కుటుంబమే ఉంది. సూర్యుణ్ణి కర్మసాక్షి అంటారు. పెళ్ళి అగ్నిసాక్షిగా జరుగుతుంది. ప్రమాణం చేసేవారిలో కొందరు దైవసాక్షిగా అంటే కొందరు ఆత్మసాక్షిగా అంటారు. ఇరుగుపొరుగు భాషలూ ఇదే దారి పట్టాయి. కన్నడ, మలయాళ భాషల్లో మనస్సాక్షి, తమిళంలో మనసాట్చి వాడుకలో ఉన్నాయి. కన్నడంలో ఆత్మసాక్షి కూడా అంతే పరిచితమైన మాట.

## మచ్చ అంటని అంతరాత్మ

అంతరాత్మ అంటే ‘అంతర్’, ‘ఆత్మ’ కలిసిన మాట. లోపలి ఆత్మ అని తేలికగా అర్థం చెప్పవచ్చు గానీ, ఉపనిషత్తుల్లో ఈ మాట చేసే పని వేరు. కఠోపనిషత్తు సర్వభూతాంతరాత్మను సూర్యుడితో పోలుస్తుంది. సూర్యుడు లోకానికంతటికీ కన్ను. అయినా చూసే కళ్ళలోని దోషాలు సూర్యుడికి అంటవు. అలాగే అన్ని ప్రాణుల్లోనూ ఉన్న అంతరాత్మకు లోకంలోని దుఃఖం అంటదు. శ్వేతాశ్వతరోపనిషత్తులో అంతరాత్మ, సాక్షి అనే రెండు మాటలూ ఒకే మంత్రంలో వస్తాయి. అన్ని ప్రాణుల్లో దాగి ఉన్న ఒకే దేవుడిని సర్వభూతాంతరాత్మ అనీ, సాక్షి అనీ, నిర్గుణుడు అనీ ఆ మంత్రం వర్ణిస్తుంది. ఒకే చెట్టు మీది రెండు పక్షుల ఉపమానం కూడా ఇదే భావం చెబుతుంది. ఒక పక్షి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. చూసే పక్షి తినే పక్షిని మందలించదు.

ఇప్పుడు నేటి వాడుకను పక్కన పెట్టి చూడాలి. ‘అంతరాత్మ క్షోభిస్తోంది’, ‘అంతరాత్మ నిలదీసింది’, ‘అంతరాత్మను అమ్ముకున్నాడు’ అంటున్నాం. ఉపనిషత్తు చెప్పిన అంతరాత్మకు క్షోభ లేదు, నిలదీయడం తెలియదు, అమ్ముడుపోవడం అసలే కుదరదు. మాట అదే, లోపల ఉన్నది మారింది. వేదాంత గ్రంథాలు చదివేవారు అంతరాత్మ అంటే పరమాత్మే కదా అనడం, పత్రికలు చదివేవారు అది మంచిచెడులు చెప్పే గొంతు కదా అనడం, రెండూ వాటి వాటి పరిధిలో సరైనవే.

ఈ మార్పు మన కాలంలో వచ్చింది కాదు. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో ఒక శ్లోకం, ఏ పని చేస్తే అంతరాత్మకు పరితోషం కలుగుతుందో ఆ పనిని ప్రయత్నపూర్వకంగా చేయాలనీ, దానికి విరుద్ధమైనదాన్ని వదిలిపెట్టాలనీ చెబుతుంది. ఇక్కడి అంతరాత్మకు తృప్తి ఉంది, అసంతృప్తి ఉంది. ఉపనిషత్తు సూర్యుడిలా ఎత్తున నిలిపినదాన్ని ధర్మశాస్త్రం మనిషి రోజువారీ పనుల్లోకి దించింది.

## సభలో నిలబెట్టిన సాక్షి

క్రీ.పూ. 2వ శతాబ్దానికీ క్రీ.శ. 3వ శతాబ్దానికీ మధ్య రూపుదిద్దుకున్నదని పండితులు భావించే మనుస్మృతిలో ఎనిమిదో అధ్యాయం వ్యాజ్యాల గురించి చెబుతుంది. సాక్షులను ఎలా ప్రశ్నించాలో అందులో వివరంగా ఉంది. వాది, ప్రతివాది ఎదుట సాక్షులను సభలో నిలబెట్టాలి. ఉదయం పూట, తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టించి అడగాలి. అబద్ధం చెబితే ఏమవుతుందో ముందే హెచ్చరించాలి. ఆ హెచ్చరికలో వస్తుంది ఈ శ్లోకం: ‘ఆత్మైవ హ్యాత్మనః సాక్షీ గతిరాత్మా తథాత్మనః’. తనకు తానే సాక్షి, తనకు తానే దిక్కు. మనుషులకు ఉత్తమ సాక్షి అయిన నిన్ను నువ్వు అవమానించుకోకు అని శ్లోకం ముగుస్తుంది. ఆ వెంటనే, పాపం చేసేవారు తమను ఎవరూ చూడటం లేదనుకుంటారు గానీ దేవతలూ వారిలోని పురుషుడూ చూస్తూనే ఉంటారని మరో శ్లోకం అంటుంది.

సంస్కృతంలో ‘ఆత్మ’ చాలాచోట్ల ‘తాను’ అనే సర్వనామం పనే చేస్తుంది. పై శ్లోకానికి జీవాత్మ, పరమాత్మల వేదాంతం తోడు లేకపోయినా అర్థం పూర్తిగా తెలుస్తుంది. ఈ మాటలు చెబుతున్న సందర్భం ఇంకా ముఖ్యం. సభలో నిలబడిన మనిషి ఇతరుల తగాదాలో సాక్షిగా వచ్చాడు. అతను నిజం చెబుతున్నాడో లేదో తేల్చడానికి ఇంకో సాక్షి కావాలి. అతనికి సాక్షి ఎవరు? ఇలా వెతుక్కుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆగాలి. ధర్మశాస్త్రం దాన్ని మనిషి లోపల ఆపింది. బయటి సాక్ష్యం ఎక్కడ అయిపోతుందో అక్కడ లోపలి సాక్ష్యం మొదలవుతుంది. మనస్సాక్షి అనే భావనకు మూలం ఈ అవసరంలోనే ఉంది.

## శకుంతల మాట, నన్నయ తెలుగు

ఈ సాక్షి పూర్తి బలంతో కనిపించే చోటు మహాభారతం ఆదిపర్వంలోని శకుంతల కథ. కణ్వాశ్రమంలో దుష్యంతుడు శకుంతలను గాంధర్వ విధిన పెళ్ళాడాడు. ఆ పెళ్ళికి బయటి సాక్షులెవరూ లేరు. కొన్నేళ్ళకు కొడుకుతో సహా ఆమె రాజసభకు వచ్చింది. భారతంలోని దుష్యంతుడు మరిచిపోలేదు. అంతా గుర్తుండే, నువ్వెవరో తెలియదన్నాడు. శాపమూ ఉంగరమూ కాళిదాసు నాటకంలోనివి.

శకుంతల చేతిలో రుజువు లేదు, పిలవడానికి మనిషి లేడు. అప్పుడు ఆమె ఒక సాక్షుల పట్టిక చదువుతుంది. సంస్కృత మూలంలో ఆ పట్టిక ఇది: సూర్యచంద్రులు, వాయువు, అగ్ని, ఆకాశం, భూమి, నీరు, హృదయం, యముడు, పగలు, రాత్రి, రెండు సంధ్యలు, ధర్మం. మనిషి నడత వీటన్నిటికీ తెలుసు అంటుంది. సుమారు ఇదే పట్టిక మనుస్మృతిలో సాక్షులకు చేసే హెచ్చరికలోనూ ఉంది. శకుంతల రాజునే బోనులో నిలబెట్టి, సాక్షికి చెప్పాల్సిన మాటలు చెబుతోందన్నమాట.

11వ శతాబ్దంలో నన్నయ ఈ శ్లోకాన్ని తెలుగు చేసినప్పుడు ఏం చేశాడో దగ్గరగా చూడటం అవసరం. వాయువు, అగ్ని, ఆకాశం, భూమి, నీరు అనే ఐదింటినీ పంచభూతాలుగా ఒక్క మాటలో సర్దాడు. వేదాలను చేర్చాడు. మూలంలో ‘హృదయం’ ఉన్నచోట ఇంకో మాట పెట్టాడు: ‘వేదములును బంచభూతములు ధర్మువు సంధ్యలు నంతరాత్మయున్’. వ్యాసుడి హృదయం నన్నయ చేతిలో అంతరాత్మ అయింది. గుండె అనే అర్థం కూడా ఉన్న మాటకు బదులు, ఉపనిషత్తుల మాట వచ్చి కూర్చుంది. కానీ అది ఉపనిషత్తులోలా దేనికీ అంటకుండా లేదు. సూర్యచంద్రుల పక్కన, యముడి పక్కన, పురుషుడి నడతను ఎరిగిన సాక్షుల వరుసలో ఉంది. నేడు తెలుగువారు అంతరాత్మ అనే మాటను ఏ అర్థంలో వాడుతున్నారో ఆ అర్థం తెలుగు కావ్యభాష తొలినాళ్ళలోనే ఇంత స్పష్టంగా నిలబడి ఉంది. ఇంగ్లీషు మాటకు అనువాదంగానే ఈ అర్థం వచ్చిందనే అభిప్రాయానికి ఈ ఒక్క పద్యమే సమాధానం.

అదే పద్యం చివర ‘తన్ను మ్రుచ్చిలన్’ అనే మాట ఉంది. మ్రుచ్చు అంటే దొంగ, మ్రుచ్చిలడం అంటే దొంగిలించడం. ఇంతమంది సాక్షులు ఉండగా మనిషి తనను తాను దొంగిలించగలడా అని శకుంతల అడుగుతోంది. సంస్కృతంలోనూ ఆమె మాటల్లో ‘ఆత్మాపహారి’ అయిన చోరుడి ప్రస్తావన ఉంది. లోపల ఒక రకంగా ఉండి, బయటికి ఇంకో రకంగా చెప్పుకునేవాడు ఆత్మాపహారి. ఇప్పుడు మనం ఆత్మవంచన అంటున్నది దీన్నే. వంచనకన్నా దొంగతనం పదునైన పోలిక. దొంగ ఎవరిదో సొత్తు తీసుకుంటాడు. ఇక్కడ పోయిన సొత్తూ తానే, పోగొట్టుకున్నవాడూ తానే.

దుష్యంతుడు ఎందుకు అబద్ధమాడాడు? అశరీరవాణి నిజం పలికాక అతనే చెబుతాడు, ఈ పెళ్ళి ఎవరికీ తెలియదు కనుక లోకం తప్పుపడుతుందని భయపడ్డానని. లోపలి సాక్షికీ లోకం చూపుకీ మధ్య నలిగి, రెండోదానికి తలొగ్గాడు. చివరికి అతను ఒప్పుకున్నదీ పదిమందికీ వినిపించేలా ఆకాశం పలికాకే.

## లోపలి పనిముట్టు

అంతఃకరణ అనే మాట వీటికన్నా సాంకేతికమైనది. కరణం అంటే సాధనం, పనిముట్టు. కన్ను, చెవి వంటివి బయటి కరణాలు. సాంఖ్య దర్శన గ్రంథమైన సాంఖ్యకారిక ‘అంతఃకరణం త్రివిధం’ అంటూ బుద్ధి, అహంకారం, మనస్సు అనే మూడింటిని లోపలి కరణంగా చెప్పింది. వేదాంతులు చిత్తాన్ని చేర్చి నాలుగు చేశారు. ఈ లెక్కలో అంతఃకరణ ఒక యంత్రాంగం. తెలుసుకోవడం, ‘నేను’ అనుకోవడం, నిశ్చయించడం, గుర్తుంచుకోవడం దాని పనులు. పనిముట్టుకు తుప్పు పట్టవచ్చు, మురికి పట్టవచ్చు, దాన్ని శుభ్రం చేయవచ్చు. అందుకే ఈ మాట పక్కన ‘శుద్ధి’ అంత సహజంగా ఒదుగుతుంది. రాజ్యాంగం మూడో షెడ్యూలులోని ప్రమాణ పాఠాన్ని తెలుగులో చదివేటప్పుడు ‘అంతఃకరణ శుద్ధితో’ అని వినిపించేది ఇదే మాట. మనసు, మాట, చేత మూడూ ఒకటిగా ఉండటాన్ని త్రికరణశుద్ధి అనడంలో ఉన్నదీ ఈ కరణమే. చిత్తశుద్ధి కూడా ఈ కుదురులోదే. వేమన శివపూజ గురించి వాడిన ఆ మాటను ఇప్పుడు ప్రభుత్వాల పనితీరు గురించి వాడుతున్నాం. కన్నడంలో అంతఃకరణ ఇంకో దారి పట్టి దయ, మమకారం అనే అర్థంలో స్థిరపడింది.

ఈ సాంకేతిక పదాన్ని నీతి వైపు తిప్పిన వాక్యాల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది కాళిదాసుది. శాకుంతలం మొదటి అంకంలో, ఈ ఆశ్రమ కన్య క్షత్రియుడు పెళ్ళాడదగినదేనా అని దుష్యంతుడికి సందేహం వస్తుంది. తన మనసు ఆమె మీదికి వెళ్ళింది కనుక తప్పక తగినదే అయి ఉంటుందనుకుంటాడు. ‘సతాం హి సందేహపదేషు వస్తుషు ప్రమాణమంతఃకరణప్రవృత్తయః’. సందేహాస్పదమైన విషయాల్లో సజ్జనులకు అంతఃకరణ పోకడలే ప్రమాణం. మాట గొప్పదే. అయితే చెబుతున్నవాడు అప్పటికే ప్రేమలో పడ్డాడు. తనకు కావలసిన తీర్పును తన మనసు చేతే చెప్పించుకుంటున్నాడు. ఆమె క్షత్రియుడిగా పుట్టిన విశ్వామిత్రుడి కూతురు కావడం వల్ల అతని ఊహ నిజమైంది గానీ, వాదన బలం వల్ల కాదు.

అదే నాటకం ఐదో అంకంలో శాపవశాన అతను నిజంగానే ఆమెను మరిచిపోతాడు. తిరస్కరించి పంపేశాక ఒంటరిగా అనుకుంటాడు: ఈ ముని కన్యను పెళ్ళాడినట్టు గుర్తు లేదు, అయినా బలంగా నొచ్చుకుంటున్న హృదయం నన్ను నమ్మిస్తున్నట్టుంది. భారతంలో దుష్యంతుడికి తెలుసు, బాధ లేదు. కాళిదాసులో తెలియదు, బాధ ఉంది. మనస్సాక్షి అంటే జ్ఞానమా, వేదనా అనే పాత చర్చకు ఈ రెండు దుష్యంతుల కథకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

## ఉప్పు గని

మనసు చెప్పిందే ధర్మమైతే ఎవరికి తోచింది వారు చేయవచ్చు కదా? ఈ ప్రశ్న ప్రాచీనులకు బాగా తెలుసు. మనుస్మృతి ధర్మానికి మూలాలు చెబుతూ వేదం, స్మృతి, శీలం, సాధువుల ఆచారం తర్వాత చిట్టచివర ఆత్మతుష్టిని ఉంచింది. వ్యాఖ్యాత కుల్లూకుడు దాన్ని ఇంకా కుదించాడు. ఒకే పనికి శాస్త్రం రెండు దారులు ఒప్పుకున్నప్పుడు ఏది ఎంచుకోవాలో తేల్చడానికే ఆత్మతుష్టి పనికొస్తుందని అతని నిర్ణయం.

వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంస శాస్త్రంలో పండితుడైన కుమారిలభట్టు వేరే వైపు నుంచి వచ్చాడు. కాళిదాసు నాటకంలోని ఆ వాక్యాన్నే తన తంత్రవార్తికం అనే గ్రంథంలో ఉదాహరించాడు. ప్రేమలో పడ్డ రాజు అన్న మాట శాస్త్రచర్చలో ఆధారంగా నిలబడటం విశేషమే. దానికి తోడు ఒక పోలిక కూడా ఇచ్చాడు. రుమ అనే ఉప్పు గనిలో ఏది పుట్టినా ఉప్పే అవుతుంది. అలాగే వేదంలో నానిన మనిషికి కలిగే తుష్టి కూడా వేదమయమే అవుతుంది. కుమారిలుడి ఉద్దేశం వేదప్రామాణ్యాన్ని నిలబెట్టడం. కానీ ఆ పోలిక అతని ఉద్దేశాన్ని దాటి వెళుతుంది. మనస్సాక్షి ఎక్కడ నానితే ఆ రుచి పట్టుకుంటుంది. మంచి ఉప్పులో నానితే మంచి మాట చెబుతుంది, ద్వేషంలో నానితే ద్వేషాన్నే ధర్మంగా వినిపిస్తుంది. పిల్లలు పెద్దల మందలింపులను మెల్లగా తమలోకి తీసుకుని, పెద్దలు లేనప్పుడు కూడా వాటిని పాటిస్తారని ఆధునిక మనస్తత్వశాస్త్రం చెబుతున్నదీ ఈ నానడం గురించే.

## కలిసి తెలిసినవాడు

గ్రీకు, లాటిన్ భాషల్లో ఇదే భావన ఇంకో పోలికతో మొదలైంది. ఇంగ్లీషు ‘కాన్షియన్స్’కు మూలం లాటిన్ ‘కాన్షియెన్షియా’. ‘కాన్’ అంటే కలిసి, ‘షియో’ అంటే తెలుసు. గ్రీకు ‘సినైడెసిస్’ కూడా ఇదే కట్టడి. అందులోని ‘తెలియడం’ అనే ధాతువు మన ‘విద్’కు, అంటే వేదం అనే మాటలోని ధాతువుకు, చుట్టమే. లాటిన్‌లో ‘కాన్షియస్’ అంటే మొదట ఇంకొకరితో పాటు ఒక రహస్యం తెలిసినవాడు. ఒక్కోసారి నేరంలో పాలు పంచుకున్నవాడు కూడా. తన రహస్యం తనతో పాటు తెలిసిన ఇంకొకడు తానే అయినప్పుడు అది కాన్షియెన్షియా. అక్కడా ఒకే మనిషి ఇద్దరవుతున్నాడు.

సాక్షి పోలిక వారికీ తట్టింది. ‘మనస్సాక్షి వెయ్యి సాక్షులకు సమానం’ అనే రోమన్ సామెతను వక్తృత్వ శాస్త్రజ్ఞుడు క్వింటిలియన్ పేర్కొన్నాడు. క్రైస్తవ అపొస్తలుడు పౌలు రోమీయులకు రాసిన లేఖలో సినైడెసిస్ సాక్ష్యం ఇస్తుందని ఉంది. తెలుగు బైబిలు అక్కడ ‘మనస్సాక్షి’ అనే మాట వాడింది. మూలంలోని క్రియ సాక్ష్యానికి సంబంధించినదే కనుక ఆ ఎంపిక చక్కగా అతికింది. హీబ్రూ బైబిలులో దీనికి విడి మాట లేదు, హృదయమే ఆ పని చేస్తుంది. రాజైన సౌలు అంగీ చెంగు కోసిన తర్వాత దావీదును అతని హృదయమే కొట్టిందని సమూయేలు గ్రంథం చెబుతుంది. వ్యాసుడి శ్లోకంలో హృదయం ఉన్న చోటు గుర్తుకు వస్తుంది.

లాటిన్ మాట యూరప్ భాషలన్నిటా రకరకాలుగా పాకింది. జర్మన్, రష్యన్ భాషలు ‘కలిసి తెలియడం’ అనే కట్టడిని సొంత మాటలతో కట్టుకున్నాయి. ఇంగ్లీషులో ‘ఇన్‌విట్’, అంటే లోపలి తెలివి, అనే దేశీయ మాట ఉండేది. 1340 నాటి గ్రంథం ఒకటి దాన్ని పేరులోనే పెట్టుకుంది. తర్వాత అది కనుమరుగైంది. ఫ్రెంచిలో నేటికీ ఒకే మాట మనస్సాక్షికీ, మెలకువగా ఉన్న చైతన్యానికీ చెల్లుతుంది. ఇంగ్లీషు 17వ శతాబ్దంలో రెండింటికీ రెండు మాటలు పంచి ఇచ్చింది. ఉర్దూలోకి వచ్చిన అరబ్బీ మాట ‘జమీర్’కు దాగినది అని మూలార్థం. ప్రాచీన తత్వవేత్త మెన్షియస్ వాడిన చైనా మాటకు మంచి మనసు అని అర్థం.

సాక్షి పొరబడితే ఏం చేయాలనే ప్రశ్నను మధ్యయుగంలో క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వైనస్ నేరుగా ఎదుర్కొన్నాడు. మనస్సాక్షి పొరబడినా దాన్ని కాదని చేసే పని తప్పే. అయితే దాన్ని విని చేసిన పని ఒప్పయి తీరాలనేమీ లేదు. తెలుసుకోగలిగినదాన్ని తెలుసుకోకపోవడం ఆ మనిషి బాధ్యతే. 18వ శతాబ్దం చివర జర్మన్ తత్వవేత్త కాంట్ ఈ పోలికను పూర్తి న్యాయస్థానంగా విస్తరించాడు. ముద్దాయీ న్యాయమూర్తీ ఒకే మనిషి అయితే ముద్దాయి ఎప్పుడూ గెలుస్తాడు కనుక, లోపల తీర్పు చెప్పేవాణ్ణి తనకన్నా వేరైనవాడిగా భావించక తప్పదన్నాడు. మనుస్మృతి సాక్షి దగ్గర ఆగింది. కాంట్ న్యాయమూర్తిని కూడా లోపల కూర్చోబెట్టాడు. నేటి తెలుగు వాడుకలో ‘మనస్సాక్షి తీర్పు’ అనే మాట వినిపిస్తే అందులో ఈ రెండు సంప్రదాయాలూ కలిసిపోయాయని అర్థం.

## తెలుగు పలుకుబడిలో

ఈ మూడు మాటలూ పుస్తకాల దారిన వచ్చాయి. నోటి తెలుగు వీటి కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ‘మనసొప్పలేదు’, ‘చేతులు రాలేదు’, ‘నోరు రాలేదు’ అనే మాటల్లో మనస్సాక్షి పనే కనిపిస్తుంది. ఇక్కడ ఉపదేశాలు లేవు. చేయి కదలలేదు, నోరు పెగలలేదు, అంతే. తప్పని తెలిసీ చేయాల్సి వస్తే ‘మనసు చంపుకున్నాడు’ అంటారు. నిజం రాబట్టాలంటే ‘గుండె మీద చేయి వేసుకుని చెప్పు’ అంటారు.

వీటన్నిటికీ మకుటం గుమ్మడికాయల దొంగ సామెత. దొంగ ఎవరని అడిగితే ఒకడు భుజాలు తడుముకున్నాడట. పండిన బూడిద గుమ్మడి మీద తెల్లటి పొడి ఉంటుంది, భుజాన మోసినవాడికి అది అంటుకుంటుంది. అడిగినవాళ్ళు భుజాల మాటే ఎత్తలేదు. అక్కడ పొడి ఉందో లేదో చూసినవారూ లేరు. ఉండి ఉంటుందేమో అని తెలిసినవాడు ఒక్కడే, అతని చేయే అతణ్ణి పట్టించింది. మనువు శ్లోకంలో చెప్పిన ‘తనకు తానే సాక్షి’ని ఈ సామెత ఒక్క కదలికలో చూపించింది.

## చూపు, గొంతు, చట్టం

సాక్షి చూస్తాడు. ‘ప్రబోధం’ మాత్రం వినిపించేది. ఈ రెండో పోలికకూ పాత చరిత్రే ఉంది. తనకు చిన్ననాటి నుంచీ ఒక గొంతు వినిపిస్తుందనీ, అది ఆపుతుందే తప్ప ఎన్నడూ పురికొల్పదనీ సోక్రటీసు తన విచారణలో చెప్పినట్టు ప్లేటో రాశాడు. 1933 మేలో 21 రోజుల నిరాహారదీక్షకు దిగుతూ గాంధీ అంతర్వాణి ఆదేశమే కారణమన్నారు. చూసిన సాక్షి గడిచినదాని గురించి చెబుతాడు, గొంతు చేయబోయేదాని గురించి చెబుతుంది. మనస్సాక్షి పక్కన ‘అడగడం’, అంతరాత్మ పక్కన ‘ప్రబోధం’ నిలదొక్కుకోవడానికి ఈ తేడా కారణం కావచ్చు.

అంతరాత్మ ప్రబోధం రాజకీయ పదజాలంలో పాతుకుపోయింది 1969లో. ఆ ఏడాది ఆగస్టులో జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరి. ఇద్దరూ తెలుగువారే. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలని ప్రధాని ఇందిరాగాంధీ పిలుపునిచ్చారు. తదుపరి ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువ గల ఓట్లు వచ్చాయి. అదే ఏడాది కాంగ్రెస్ చీలింది. అప్పటి నుంచి ఈ మాటకు పార్టీ నిర్ణయాన్ని దాటి వేసే ఓటు అనే అర్థం కూడా స్థిరపడింది. లోపలి సాక్షి మాటను బయటి నాయకులు గుర్తుచేయడంలో ఒక ఇబ్బంది ఉంది. ఏం వినిపించాలో ముందే చెప్పి వినమంటే వినిపించేది ఎవరి గొంతో తేల్చడం కష్టం. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు రహస్యం, విప్, అంటే ఇలాగే ఓటు వేయాలనే పార్టీ ఆదేశం, జారీ చేసే వీలు లేదు. చట్టసభల్లో మాత్రం 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు పార్టీ ఆదేశాన్ని ధిక్కరించే ఓటును సభ్యత్వ రద్దుతో ముడిపెట్టింది.

రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని అవలంబించే హక్కుకన్నా ముందు అంతరాత్మ స్వేచ్ఛను పేర్కొంది. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన మొదటి అధికరణలోనూ వివేచన పక్కన ఈ మాట ఉంది. ఆ ముసాయిదా చర్చలో చైనా ప్రతినిధి పి.సి. ఛాంగ్ ‘రెన్’ అనే భావనను చేర్చాలన్నారు. మనిషి గుర్తు, రెండు గుర్తు కలిపి రాసే అక్షరం అది. మనిషి తన పక్కన ఇంకొకరు ఉన్నారనే ఎరుకతో ఉండటం ఆయన చెప్పదలచిన భావం. చివరి పాఠంలో దానికి బదులుగా ‘కాన్షియన్స్’ నిలిచింది.

ఈ స్వేచ్ఛకు హద్దు ఎక్కడో తేల్చాల్సిన కేసు ఒకటి 1986లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడుతున్నప్పుడు గౌరవంగా నిలబడ్డారు గానీ, తమ మతవిశ్వాసం కారణంగా గొంతు కలపలేదు. పాఠశాల వారిని పంపేసింది. కోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. ఆ విశ్వాసం తమ బుద్ధికి నచ్చుతుందా లేదా అన్నది ప్రశ్న కాదనీ, పిల్లలు దాన్ని నిజంగా, మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే ప్రశ్న అనీ తీర్పు చెప్పింది. న్యాయస్థానం పిలిపించలేని సాక్షి అది. పిల్లల నడత చూసి, వారు చెబుతున్నది నిజమేనని కోర్టు నమ్మింది.